ఇంటి సాళ్లు

పర్చూరు దగ్గర బాపయ్య మిరపచేలో, బోరు పక్కన, పురుగుమందు కొట్టని సాళ్లు నాలుగున్నాయి. ఆ ఊళ్లో మిరప వేసే చాలా ఇళ్లలో ఇదే పద్ధతి. చేనంతా మిర్చి యార్డుకి, ఆ నాలుగు సాళ్లు ఇంటికి. దీన్ని ఎవరూ దాచరు, అలాగని పనిగట్టుకుని చెప్పుకోరు. బజార్లో కారం పొట్లం కొనుక్కునే మనలాంటివాళ్లకి తెలియదు, అంతే.

ఆ సాళ్ల బాధ్యత వీరమ్మది. అరవై దాటిన మనిషి, పెళ్లయి వచ్చినప్పటి నుంచీ బాపయ్య చేలోనే కూలి. ఏటా నారు నాటగానే నాలుగో సాలు పక్కన కర్ర పాతి, పాత ఎర్రచీర పేలిక కడుతుంది. మందు కొట్టేవాడు వీపున డబ్బా మోసుకుంటూ ఆ పేలిక దాకా వచ్చి వెనక్కి తిరగాలి. పొరపాటున అడుగు ముందుకేస్తే వీరమ్మ నోటికి చిక్కినట్టే.

ఆమె కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు పేలికతో పని లేదు. పంటకి రెండుమూడుసార్లు మందు కొడితే గొప్ప. అమ్మిందీ తిన్నదీ ఒకే చేలోది. ఇప్పుడు బాపయ్య ఇరవైసార్లు కొడతాడు. కొట్టకపోతే తామరపురుగు ఆకు ముడిచేసి కాపు లేకుండా చేస్తుంది. ఇంటి సాళ్లకి వేపనూనెతో సరిపెడతారు, ముడతపడగా మిగిలిన కాయే ఇంటికి. ఆయన్ని తిట్టడం తేలికే. పదెకరాల మిరప వేసి చూస్తే ఆ తిట్టు అంత తేలిగ్గా నోటికి రాదు.

జనవరి నెలాఖరుకి ఇంటి సాళ్లలో కాయ పండుతుంది. బాపయ్య భార్య హనుమాయమ్మకి కొరివికారం తొక్కిపెట్టేది కూడా వీరమ్మే. పండుమిరపకాయలు పొడిగుడ్డతో తుడిచి, తొడిమలు తీసి, ఉప్పూ చింతపండూ వేసి రోట్లో దంచుతుంది. కడగరు, తడి తగిలితే బూజు పడుతుంది. చేతులకి ఆముదం రాసుకుని కూర్చుంటే మధ్యాహ్నానికి రెండు జాడీలు నిండుతాయి. కూలితో పాటు ఒడి నిండా కాయలిస్తారు. అవి మాత్రం మందు కొట్టిన చేలోవి. ఉప్పునీళ్లలో కడిగి ఆరబెట్టుకుంటే ఏం కాదని హనుమాయమ్మ ఏటా చెబుతుంది. వీరమ్మ అలాగే చేసుకుని తింటూ వచ్చింది.

ఈ ఏడు వీరమ్మ కూతురు జాస్మిన్ తొలిచూలు కడుపుతో పుట్టింటికి వచ్చింది. నోటికి ఏదీ సయించడం లేదు, కొరివికారం ముద్ద మాత్రం కావాలంటుంది. వీరమ్మ మొహమాటపడుతూనే హనుమాయమ్మని అడిగింది. ఈసారి ఒడికాయలు ఇంటి సాళ్లలోవి ఇమ్మంది. హనుమాయమ్మ కాస్త ఆలోచించి సరేనంది. వీరమ్మకి ఆ రోజంతా మనసు తేలికగా ఉంది.

ఆ వారమే బాపయ్య మందు కొట్టడానికి మొదటిసారి డ్రోను మాట్లాడాడు. మనిషికి రెండు రోజులు పట్టే పని దానికి గంటన్నర. ఎక్కడ మొదలుపెట్టాలో చూపించాడు గానీ ఎక్కడ ఆపాలో చెప్పలేదు. ఇన్నేళ్లుగా ఆ సంగతి పేలికే చెబుతూ వచ్చింది, ఆయనకి గుర్తు రాలేదు. పక్కచేలో కాయ కోస్తున్న వీరమ్మ చూస్తుండగానే డ్రోను పేలిక దాటి, నాలుగు సాళ్లూ తడిపి, బోరు మీద తిరిగి వెళ్లింది. ఆమె చెయ్యెత్తి ఊపింది. డ్రోను నడిపే కుర్రాడు కూడా నవ్వుతూ చెయ్యూపాడు.

మూడోనాడు హనుమాయమ్మ పచ్చడికి పిలిచింది. గంపలో కాయలు నిగనిగలాడుతున్నాయి. పొడిగుడ్డ కూడా సిద్ధం. వీరమ్మ గంప ముందు కూర్చుంది. చెబితే పేలిక కట్టిన మనిషివి నువ్వు చూసుకోవద్దా అంటారు. చెప్పకపోతే అడిగేవాళ్లు లేరు. ఇన్నేళ్లూ మేం తిన్నదే కదా, ఒక్క ఏడు వాళ్లూ తింటే ఏం పోతుందని అనుకుంది కూడా. ఇంతలో హనుమాయమ్మ మనవరాలు భవ్య వచ్చి రోటి పక్కన చతికిలబడింది. నాలుగేళ్ల పిల్ల, నిరుడు రోకలికి అంటిన కారం నాకి కళ్లనీళ్లు పెట్టుకుంటూ నవ్వింది. వీరమ్మ గుడ్డ కింద పెట్టేసింది.

"ఇంటి సాళ్ల మీద కూడా మందు పడిందమ్మా. నేను చూశాను," అంది.

హనుమాయమ్మ ముందు భవ్యని లోపలికి పంపింది. వీరమ్మని ఒక్క మాట అనలేదు. మొగుణ్ణి మాత్రం నాలుగు దులిపింది. తర్వాత గంప వీరమ్మ వైపు జరిపింది.

"మేమెటూ తినం. నువ్వు అడిగావుగా, మొత్తం పట్టుకెళ్లవే. ఉప్పునీళ్లలో కడుక్కుంటే పోతుంది."

ఆ మాటలో దురుద్దేశం లేదు. అదే వీరమ్మని ఎక్కువ బాధపెట్టింది.

"కడిగితే పోయేదైతే మీరే కడుక్కోండమ్మా," అని లేచింది.

ఇద్దరి మధ్యా గంప అలాగే ఉంది. ఆ ఏడు ఆ రెండిళ్లలోనూ కొరివికారం పెట్టలేదు. జాస్మిన్ అడిగితే వీరమ్మ ఈ ఏడు కాయ బాగాలేదని చెప్పింది.

సాయంత్రం బాపయ్య ఆ గంప తీసుకెళ్లి కల్లంలో ఎండబోసిన కాయల మీద గుమ్మరించాడు. పదిహేను రోజులకి అన్నీ ఒకటిగా ఎండాయి. బస్తాలకెత్తి గుంటూరు యార్డుకి పంపారు.