చుక్క లేని రెగ్యులేటర్

గురూజీ తన టీవీని సైకిల్ మీద కట్టుకొని మూడోసారి నా కొట్టుకు వచ్చాడు. మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచలో బడిపంతుళ్ళను గురూజీ అనే అంటాం. ఎనభైల చివర్లో మా ఊళ్ళో టీవీలను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వాటిని బాగుచేసేవాణ్ణి నేనొక్కణ్ణే.

"ఏందయ్యా, బొమ్మ మళ్ల నడిమికి గుంజుకపోయింది! నీతోని కాకుంటె కాదని చెప్పు, అహేరికి తీస్కపోత."

ఒళ్ళు మండింది. ఆ వానాకాలం ఇలా తిరిగొచ్చిన టీవీలు మరికొన్ని ఉన్నాయి. నాకున్న ఆస్తల్లా మంచి మెకానిక్ అన్న పేరే, అదీ పోతోంది.

మూత విప్పాను. బోర్డు మీద మూడు కాళ్ళ రెగ్యులేటర్ ఎప్పుడూ పన్నెండు వోల్టులే పంపాలి. దాన్నుంచి టీవీలోకి వెళ్ళే వైరు విప్పి కొలిస్తే పన్నెండు, తగిలించగానే తొమ్మిది. లోపలికొచ్చే వోల్టేజి సరిగ్గానే ఉంది. కెపాసిటర్ మార్చాను, సోల్డరింగ్ మళ్ళీ చేశాను. టీవీ బదులు కారు బల్బు తగిలించినా అదే తొమ్మిది. అంటే పోయింది రెగ్యులేటరే. కానీ మొన్ననేగా కొత్తది వేశాను!

స్క్రూ తిప్పి ఊడదీశాను. నేను వేసే ప్రతి సామాను వీపున గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టడం నా అలవాటు. దీనికి చుక్క లేదు. ఎక్కడో వాడి పీకేసిన పాతది.

బాగైన టీవీలను ఇళ్ళకు చేర్చేది నా బామ్మర్ది. పని నేర్పి కొట్లో పెట్టుకున్నది నేనే. గురూజీని పంపించేసి, రెగ్యులేటర్ వాడి ముందు పడేశాను. వాడు ఇంత కూడా తడుముకోలేదు.

"అల్లపల్లిల దుకాణం పెడ్తున్న బావా. నువ్వేసిన కొత్త సామాను పీకి జమ చేస్తున్న. పాతయి ఏసినా నడుస్తయనుకున్న."

"మరి నా పేరు?"

"నీకేంది బావా, జనం నిన్ను నమ్ముతరు."

"నడువ్ బైటికి!" అని అరిచాను. 

ఇంటికెళ్ళి మా ఆవిడతో మొత్తుకున్నాను. "నీ తమ్ముడు నా కొంప ముంచిండు!"

ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "నాకెర్కనే. ఎండకాలం సంది ఆ సామాను మన మంచం కిందనే పెడ్తున్నడు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె వాన్ని ఎల్లగొడ్తవ్ గద."

అన్ని నెలలూ అన్నం ముందు కూర్చుని, నా చూపు మందగించిందా, చెయ్యి తప్పుతోందా అని ఆవిడనే అడిగాను. ఎవరి కళ్ళో పడ్డాయంటూ ఉప్పు తెచ్చి నా చేతులకు దిష్టి తీసింది. ఎంత నమ్మానో! కింద నా సామానే పెట్టుకొని పైన నన్ను పడుకోనిచ్చింది.

బామ్మర్దితో కొన్నాళ్ళకు మాటలు కలిశాయి. ఆవిడ ధైర్యం చెబితే మాత్రం నాకు ఇప్పటికీ భయమేస్తుంది.