రెండు ముళ్ళ కండె

మొన్న సాయంత్రం గుత్తిలో మా ఇంటి వసారాలో కూర్చుని మా అబ్బాయి ఫోన్లో రంగుల బిళ్ళలు జరుపుతూ ఉంటే, కాఫీ ఇవ్వబోయి తెర మీదికి తొంగి చూశాను. ఆ ఆట నా ఈడు వాళ్ళకూ తెలియనిదేమీ కాదు. పక్కపక్కనున్న రెండు బిళ్ళల్ని తారుమారు చేస్తే ఒకే రంగువి మూడు వరసకు వచ్చి మాయమవుతాయి, ఆ ఖాళీలోకి పైనుంచి కొత్తవి రాలుతాయి. బస్సులోనూ ఆస్పత్రి బెంచీ మీదా ఇప్పుడు అందరి వేళ్ళకూ ఇదే పని. కానీ మా వాడి ఫోన్లో ఒక్కో రంగు బిళ్ళ మీద ఒక్కో చిన్న గుర్తు కనిపించింది, ఎర్రదాని మీద చుక్క, పచ్చదాని మీద గీత. ఇదేమిట్రా అంటే తల ఎత్తకుండానే చెప్పాడు.

"రంగులు తెలీనోళ్ళ కోసం ఆటలోనే పెట్టినారమ్మా."

కాఫీ గ్లాసు వాడి పక్కన పెట్టి వంటింట్లోకి వచ్చేశాను. రైలు కూతలు వింటూ పెరిగి, ఇంజను నడపాలని చిన్నప్పటి నుంచీ కలవరించిన పిల్లవాడు వాడు. రాతపరీక్ష నెగ్గాడు. పోయిన నెల కంటి పరీక్షలో ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదని వెనక్కి పంపేశారు. ఇది తల్లి వైపు నుంచి వస్తుందని అక్కడి డాక్టరు చెప్పాడట. అమ్మకు రంగులన్నీ తెలుసు కదా అని వాడు ఆశ్చర్యపోయాడు గానీ, నాకు ఆ క్షణమే మా నాయన కళ్ళ ముందు నిలిచాడు.

మా నాయన ధర్మవరంలో గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే దారపు కండెలు చుట్టడం మా అమ్మ పని. ప్రతి కండె పుల్ల మొదట్లోనూ ఆమె సన్నని నూలుపోగుతో ముడులు కట్టేది, కొన్నిటికి ఒకటి, కొన్నిటికి రెండు. ఎందుకమ్మా అని నేనడిగితే దిష్టికిలే పొమ్మనేది. ఆమెకు దిష్టి భయం మామూలుగానే ఎక్కువ, గడప మీద తుమ్మినా ఉప్పు తిప్పేది కనుక నేను ఇంకేమీ అడగలేదు.

ఆ రోజుల్లో తిరునాళ్ళలో చేతిలో పట్టే చిన్న ఆటపెట్టెలు అమ్మేవాళ్ళు, మీకూ గుర్తుండే ఉంటుంది, బూడిద రంగు తెర మీద నల్లటి ఇటుకలు పైనుంచి రాలుతుంటే కింద సందు లేకుండా పేర్చాలి. మా నాయన దాన్ని నా కోసమని కొని తనే ఆడుకునేవాడు. రంగులే లేని ఆ ఆటలో మా వీధి మొత్తం మీద ఆయన్ను గెలిచినవాడు లేడు. చెనిక్కాయ పంట ఎండిపోయి పనుల్లేని రైతులు కూడా అరుగు మీద చేరి, పెద్దమనిషి పిల్లాటలేమిటని ఎగతాళి చేస్తూనే, ఇటుక ఎక్కడ పడుతుందోనని ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు.

తర్వాత చీరల డిజైన్లు కంప్యూటర్లో వేసే ఒక చిన్న దుకాణంలో నాకు పని దొరికింది. సాయంత్రం నన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చినప్పుడు మా నాయన ఆ కంప్యూటర్లో ఉన్న రత్నాల ఆట చూసి మోజుపడ్డాడు. ఒకటి కోలగా, ఒకటి పలకలుగా, ఒకటి ముక్కోణంగా, ఏ రత్నం ఆకారం దానిదే. ఆయన చకచకా జత కలిపేవాడు, మూడు కలిసి మాయమై పైనుంచి కొత్తవి జారుతుంటే కళ్ళు మెరిసేవి. మన ఆకాశం కంటే ఇదే మేలు పాపా, ఈడ ఖాళీ అయితే పైనించి పడతాండాది, అనేవాడు.

ఆ ఏడే మా అమ్మ జ్వరంతో పోయింది. నేను పగలంతా పనిలో ఉండేదాన్ని కాబట్టి కండెలు చుట్టడానికి పక్కింటి అత్తను పెట్టుకున్నాం. ఆమె చక్కగానే చుట్టి, అన్నీ ఒకే బుట్టలో వేసి పోయేది. కొన్నాళ్ళకు ఒక పెళ్ళిచీర నేయడానికి పట్టు ఇచ్చారు, అంచు పొడవునా ఎర్ర మొగ్గలూ పచ్చ ఆకులూ రావాలి. నేసిన బట్ట నేసినట్టు కర్రకు చుట్టుకుపోతుంది కదా, నేనూ చూడలేదు. పట్టు ఇచ్చిన సావుకారు తన అంగట్లో నలుగురి ముందు చీర విప్పితే, సగం మొగ్గలు పచ్చగా, సగం ఆకులు ఎర్రగా ఉన్నాయి. పెళ్ళాం పోయినాక తాగి నేస్తున్నాడని సావుకారు చీర మొహాన కొట్టాడు. సాయంత్రానికల్లా వీధి వీధంతా మా నాయన తాగుబోతయ్యాడు. కల్లు వాసన కూడా పడని మనిషి, ఆయన నోరు విప్పి కాదనలేదు.

ఎందుకు కాదనలేదో నాకు తెలిసింది ఆటలోనే. మా దుకాణానికి కొత్త కంప్యూటర్ వచ్చింది, అందులో రత్నాలకు బదులు గుండ్రటి గోళీలు. అన్నీ ఒకే ఆకారం, రంగే తేడా. దిగులు మరుస్తాడని మా నాయన్ని కూర్చోబెట్టాను. ఆయన ఎర్ర గోళీని తీసుకెళ్ళి పచ్చవాటి పక్కన పెట్టాడు. అది వెనక్కి పోయింది. మళ్ళీ అదే. ఆకారం చూసి ఆడే మనిషికి ఆకారమే లేకుండా పోయిందని నాకు అప్పుడు అర్థమైంది. నాయనా, ఇది ఏం రంగు, అని వేలుపెట్టి చూపించాను. ఆయన తెర మీది గోళీని వేలితో తడిమి అన్నాడు.

"మీయమ్మ ముడి కట్టేది పాపా. ఎరుపుకు ఒగటి, పచ్చకు రెండు. వేలుకు తగిలేది."

మరి సావుకారుకు ఆ మాట ఎందుకు చెప్పలేదని నేను ఏడ్చాను.

"తాగినాననే అనుకోనీ. తాగుడు మానినాడంటే మళ్ళా పట్టు ఇస్తారు. కన్ను మారదు కదా."

ఇకమీదట ముడులు నేను కడతానన్నాను, పుల్లలన్నిటికీ కట్టి బుట్టలో సిద్ధంగా పెట్టాను కూడా. పట్టు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. మగ్గం లేని పగళ్ళు ఆయనకు గడవలేదు. లేని తాగుడు చివరికి నిజంగానే పట్టుకుంది, ఆయన్ను తీసుకునే పోయింది. వీధివాళ్ళు మేం ముందే చెప్పలేదా అన్నారు. ఆ మాట విన్నప్పటి మంట నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఇదంతా తలచుకుంటూ నేను వంటింట్లో ఉండగానే మా మరిది వచ్చాడు. ఉద్యోగం ఏమైందని మా వాణ్ణి అడుగుతున్నాడు. నిద్రపోయి బండి తప్పిపోయినాది చిన్నాయనా, చివరి పరీక్షకు పోనేలేదు, అంటున్నాడు మా వాడు, నవ్వుతూ. ఇంత సోమరివి ఎట్లా పుట్టినావురా మా ఇంట్లో అని మరిది చీవాట్లు మొదలుపెట్టాడు, వీడు తల వంచుకుని పడుతున్నాడు. తాతను చూడనైనా చూడని పిల్లవాడు అచ్చం తాతలాగే అబద్ధాన్ని కప్పుకుని కూర్చున్నాడు. నేను చేతులు కూడా తుడుచుకోకుండా బయటికి వచ్చాను.

"వాడు సోమరి కాదప్పా. వానికి ఎరుపూ పచ్చా తెలీదు. మా నాయనకూ తెలీదు. ఆయన తాగి నెయ్యలేదు."

మరిది కాఫీ తాగి వెళ్ళిపోయాడు. మా వాడు ఫోన్ పక్కన పెట్టి, తాత ఎవరమ్మా అసలు, అని మొదటిసారి అడిగాడు. చెప్పాను.

కాలం మారలేదనను. మా అమ్మ దిష్టి పేరు చెప్పి దాచిన ముడిని ఈ రోజు ఆటలో అందరికీ కనిపించేలా పెట్టారు. ఎవరు పెట్టారో గానీ వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి. కానీ మా వాడికి కావలసింది ఆట కాదు. గుత్తి స్టేషన్ దగ్గర పట్టాల పక్కన ఎర్రదీపం, పచ్చదీపం రోజూ వెలుగుతూనే ఉన్నాయి. వాటికి ముడి కట్టడం నాకు చేతకాదు.