చల్లని పొగ

మొన్న కోదాడలో ఒక హోటల్ మెట్లెక్కుతుంటే ఆపిల్ వాసన కలిసిన బొగ్గుపొగ తగిలింది. కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

ఆ వాసన మొదటిసారి తగిలినప్పుడు నాకు ఏడేళ్లు. సూర్యాపేటలో మా ఇంటికి చిన్నాయన హైదరాబాద్ నుంచి హుక్కా తెచ్చాడు. పైన ఆపిల్ వాసన పొగాకు మీద నిప్పులు, కింద నీళ్ల గాజుబుడ్డి, పక్కన పొడుగాటి గొట్టం. ఆయన పీల్చినప్పుడల్లా నీళ్లు గురగురమనేవి. గొట్టం పామేననీ, బుడ్డిలో నీళ్లు తాగుతోందనీ నాకు వణుకు.

"భయమెందుకే? పొగ నీళ్లల్ల కడుక్కొని వస్తది," అని నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం వాన జల్లు కొడుతుంటే కిటికీలన్నీ మూసుకుని పీలుస్తున్నాడు. ఉన్నట్టుండి గురగుర ఆగింది. తలుపు తోసి చూస్తే నేలమీద పడి ఉన్నాడు, గొట్టం మెడమీద.

"నాయనమ్మా, చిన్నాయనకు పాము కరిసింది!"

నాయనమ్మ ఉరికొచ్చి, ఆయన రెక్కలు పట్టి వాకిట్లోకి ఈడ్చింది. వానలో కాసేపటికి కళ్లు తెరిచాడు.

దవాఖానలో డాక్టరు నాయనమ్మతో అన్నాడు: "నీళ్లు పొగను సల్లగ చేస్తయి గంతే, అమ్మా. బొగ్గుల విషగాలి పోదు, కిటికీలు మూస్తే గదంత నిండుతది."

అది పాము కాదని ఎవరెంత చెప్పినా ఆ రాత్రి నేను నాయనమ్మ కొంగు వదల్లేదు. గొంతు మండి ఉంటే చిన్నాయన నాలుగు దమ్ములకే ఆపేవాడు. చల్లగా, తియ్యగా ఉండబట్టే అంతసేపు పీల్చాడని పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు.