అత్త ముక్కుపుడక

మా అత్త పోయి రెండు వారాలైంది. ఆమె పోయిన పొద్దున ఆమె కొడుకు, అంటే మా ఆయన, అప్పటికే పడవ తీసుకొని పులికాట్ సరస్సు మీదికి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లిన తర్వాతే పంచాయతీ రేడియోలో గాలివాన కబురు చెప్పారు. అత్త గురించి నాలుగు మాటలు చెప్పాలంటే ఆమె ముక్కుపుడక గురించే చెప్పాలి. మీరు నవ్వినా పర్లేదు, మొదట్లో నేనూ నవ్వాను.

మిరపగింజంత ఎర్రరాయి పుడక అది. అత్తకు వాళ్ల అత్త ఇచ్చింది, ఆమెకు ఆమె అత్త. మా ఇంట్లో బంగారమంటే అదొక్కటే. ఇంటి మగవాళ్లు నీళ్ల మీద ఉండగా దాన్ని తీయకూడదు. నా పెళ్లికి ముందు ఒకసారి, మర అరిగిందని అత్త దాన్ని తీసి కంసాలికి ఇచ్చిందట. ఆ సాయంత్రమే మామ పడవ బోల్తా పడింది. మనిషి మూడో రోజుకు గానీ దొరకలేదు. అత్త పుడకను బాగుచేయించకుండానే వెనక్కి తెచ్చుకొని, జారిపోకుండా కాడకు వల నూలు చుట్టి మళ్లీ పెట్టుకుంది. మొగుడు పోయినదానికి పుడకేందని ఊరంతా సణిగింది.

"తీసినందుకే ఆయన పోయినాడు. ఉన్న ఒక్క కొడుకూ నీళ్ల మీదే బతకతా ఉండాడు. ఎవురేమన్నా అనుకోండి, నేను తియ్యను" అందట.

నేను చిట్టమూరు వైపు నుంచి వచ్చినదాన్ని, ఐదో తరగతి దాకా చదివాను. ఆ గర్వం కొంత ఉండేది. వచ్చిన నెలలోనే అత్త నాకు ముక్కు కుట్టించి, రంధ్రం పూడకుండా వేపపుల్ల పెట్టింది. "పుడక నీదే మే. మంచి రోజు చూసి ఇస్తా" అంది. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు అడిగితే, "రేపు మళ్లీ పోతాడు గదా" అనేది. ఏడేళ్లు పుల్లలే మార్చింది గానీ పుడక ఇవ్వలేదు. దొరవారిసత్రంలో పెళ్లికి ఒక్క పూట పెట్టుకుంటానని బతిమాలాను.

"పెళ్లి చూసేదానికి ముక్కెందుకు మే, కళ్లు చాలవా?"

అలిగి అన్నం మానేశాను. తనే పళ్లెం తెచ్చి, పులుసులోని చేప తల నాకే వేసి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. తెల్లారి యథాప్రకారం గట్టు మీద నిలబడి, ముక్కు మీద చెయ్యి పెట్టుకొని, కొడుకు పడవ కనుమరుగయ్యేదాకా చూసింది.

ఆమె పోయిన రోజు స్నానం చేయించడానికి ఆడవాళ్లు వచ్చారు. పక్కింటి పెద్దక్క పుడక మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడే తియ్యాల. ఒళ్లు బిగుసుకుంటే రాదు. నీదే గదా మే అది!"

"వద్దక్కా. ఆయన నీళ్ల మీద ఉండాడు."

"సదువుకున్నదానివి, నువ్వు గూడానా!"

నాకే సిగ్గేసింది. అయినా ఆమె చెయ్యి తోసేశాను. గాలి పెరిగి, కప్పు మీద తాటాకులు లేస్తున్నాయి. ఊరి పడవలన్నీ ఒకటొకటిగా వచ్చేశాయి. ఆయనది రాలేదు. అత్త పక్కనే కూర్చొని ఆ ఎర్రరాయి కదలకుండా వేలితో అదిమిపట్టుకున్నాను. ఎవరైనా తీస్తారేమోనని కాదు, అదే జారిపోతుందేమోనని నా భయం.

దీపాలు పెట్టే వేళకు ఆయన వచ్చాడు, చిరిగిన తెరచాపతో, ఒళ్లంతా బురదతో. తల్లి మీద పడి ఏడ్చాడు. ఆ తర్వాత పుడక తీయబోయాడు. స్నానం నీళ్లకు నూలు బిగుసుకుపోయింది, ముక్కు కొయ్యబారింది.

"కోస్తే గానీ రాదు. అమ్మ ముక్కు నేను కొయ్యలేను మే. అమ్మతోనే పోనీ" అన్నాడు.

అలాగే మట్టిలో కలిసింది. పుడక పోయినందుకూ ఏడ్చాను, అత్త పోయినందుకూ ఏడ్చాను. ఊరి మాటలన్నీ పడి ఆమె నా మొగుణ్ణి ఇన్నేళ్లూ కాపాడిందనే ఇప్పుడు నమ్ముతున్నాను. ఆ మాట ఆమె బతికుండగా నేను ఒక్కసారైనా అనలేదు.

కర్మ ముగిసింది. ఇవాళ తెల్లవారుజామున ఆయన మళ్లీ పడవెక్కాడు. తూర్పున మబ్బు పట్టి ఉంది. పుడకే లేనప్పుడు ఈ వేపపుల్ల ఎందుకని గట్టు మీదే లాగబోయాను. సగం బయటికి వచ్చింది. పడవ ఇంకా కనబడుతోంది. పుల్లను గబగబా లోపలికి నెట్టి, ముక్కు మీద చెయ్యి పెట్టుకొని అక్కడే నిలబడ్డాను.