మొండయ్య మైక్‌సెట్‌లో కంప్యూటర్ పాడిన జాతర

కంప్యూటర్ సౌండ్ కార్డుల చరిత్ర ఎవరైనా రాస్తే, అందులో మొదటి పేరు మా తాత మొండయ్యదే ఉండాలి. వాటిని తయారుచేసినవాళ్ల పేర్లు, చోటు మిగిలితే, కింద వేసుకోవచ్చు.

1969 నుంచి ధర్మపురి జాతరకు మైక్‌సెట్ ఆయనదే. పద్ధతి ఒక్కటే: పాట ఎందులోంచి వస్తే దాని ముందు మైకు పెట్టి, తువ్వాలతో కట్టేయడం. గ్రామఫోనుకు కట్టాడు, రేడియోకు కట్టాడు, టేప్‌రికార్డరుకూ కట్టాడు. వైరుతో కలపొచ్చు కదా అన్నవాళ్లను చూసి జాలిపడేవాడు.

1996లో సరిగ్గా రథం కదిలే వేళకు క్యాసెట్ తెగింది. కమిటీ పెద్ద జగపతిరావుకు కోపమొచ్చింది.

"మొండయ్యా, మళ్ల గిట్లయితే పని కొండల్‌కు ఇస్త."

కొండల్ అప్పుడే కొత్తగా మైక్‌సెట్ పెట్టినవాడు. జాతర పని చేజారుతుందని తాతకు అన్నం సహించలేదు. జగిత్యాలలో మూతపడిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నుంచి, పాటలు పలికించే సౌండ్ కార్డున్న కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. దాంతోపాటు ఇచ్చిన చిన్న స్పీకర్లను మాత్రం అక్కడే వదిలేశాడు.

"నా దగ్గర గింత పెద్ద హారన్లుండంగ గీ అగ్గిపెట్టెలెందుకు?" అన్నాడట.

మరుసటి జాతర వచ్చింది. కంప్యూటర్ పెట్టె ముందు మైకు, దాని చుట్టూ తువ్వాల. తాత సీడీ పెట్టి మౌస్ నొక్కాడు. భజన రాలేదు. పెట్టెలో తిరిగే ఫ్యాను చప్పుడు మాత్రం హారన్లన్నిటిలో గరగరమని ఊరు దద్దరిల్లేలా మోగింది.

"హెలికాప్టరొచ్చింది! మంత్రి దిగుతుండు!" అని ఎవరో అరిచారు. అంతే, రథం తాళ్లు వదిలేసి జనమంతా గోదావరి ఇసుకలోకి పరుగు.

మా నానమ్మ లింగవ్వ మెచ్చుకుంది. "మంచిగ జేసినవ్. దేవుడొక్కడే మిగిలిండు. ఆయనకన్న పాట ఇనిపియ్యి."

జగపతిరావు కేక వేశాడు. "కొండల్‌ను పిలువుండ్రి!"

తాత పెట్టెను గిర్రున తిప్పాడు. వెనక మూడు రంధ్రాలు కనిపించాయి. టేప్‌రికార్డరుతో వచ్చినా ఏనాడూ వాడని వైరు తీసి, ఒక కొన ఆంప్లిఫయరుకు తగిలించి, రెండోది ఒక్కో రంధ్రంలో దూర్చాడు. మొదటిది పలకలేదు. రెండోదీ అంతే. మూడో దాంట్లో పెట్టగానే భజన పగిలిన కుండలా బయటికి దూకింది. తాత వాల్యూమ్ తగ్గించాడు. పాట చక్కబడింది. మంత్రి దొరకని జనం ఇసుక దులుపుకుంటూ తిరిగొచ్చి తాళ్లు పట్టారు. కొండల్ వచ్చేసరికి రథం కదిలింది, జగపతిరావు తల ఊపుతున్నాడు. పని తాత దగ్గరే నిలిచింది.

ఇంటికొచ్చాక అడిగాను. "తాతా, ముందుగాలనే ఎనుకకు జూస్తే గింత పరేషాన్ ఉండకపోవు గదా?"

"పాట నోట్లకెళ్లి వస్తది గని వీపులకెళ్లి వస్తదారా? గట్ల జేసినోన్ని అడుగు పో, నన్నెందుకు అడుగుతవ్?"