తోసి తొక్కించిన నిమ్మకాయలు

నవంబరు నాలుగు, సోమవారం, ఉదయం 9:10. ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్ స్టేషన్ వెయిటింగ్ రూములో నా పక్కన కూర్చున్న తెలుగబ్బాయి, తన పాత బ్రిటిష్ కారు అమ్మేస్తానని ఫోనులో ఎవరికో మాటిచ్చాడు. ఫొటో చూపించమన్నాను. చెక్క డాష్‌బోర్డు, తోలు సీట్లు. అచ్చం మేము పంతొమ్మిదేళ్లు నడిపిన కారే.

“పూజ రోజు నిమ్మకాయలు తొక్కిందా బాబూ?”

“ఎక్కడ ఆంటీ! స్టార్టే కాలేదు. తోసి తొక్కించాం. మా ఆవిడ ఆ రోజే అమ్మేయమంది.”

“మాదీ అంతే. మా ఆయనా, పంతులుగారూ కలిసి తోశారు. అయినా వానలో ఆ సీట్లో కూర్చుంటే దిగబుద్ధయ్యేది కాదు.”

అతను ఆ కారు ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూపిస్తూ అరగంట గడిపేశాడు. తర్వాత మళ్లీ ఫోన్ చేసి, “సారీ, అమ్మట్లేదు” అన్నాడు.

“మరి మీ ఆవిడతో?”

“మీరే చెప్పారంటాను ఆంటీ.”

ఆ రోజు పోయినవి: నా 9:24 రైలు, అతని 9:31 రైలు, కొనబోయినాయనకు ఒక కారు. మాది పోయి అప్పటికే పదకొండేళ్లు.