క్రీట్ దీవిలో టిష్యూ ప్యాకెట్

మధ్యధరా సముద్రపు ఒడ్డున, క్రీట్ దీవిలో, ఒక హోటల్ మొత్తం నా ఒక్కడికోసమే బుక్ చేయించానని సింగపూర్‌లో మా పేట ఆంగ్ మో కియోలో అందరికీ చెప్పాను. నిజానికి అది జనవరి. ఊళ్ళో తలుపు తీసి ఉన్న హోటల్ అదొక్కటే. పొద్దుటి నుంచి నాకూ మా ఆవిడకీ తిండి లేదు.

బల్లలన్నీ ఖాళీయే. అయినా సింగపూర్ అలవాటు ఊరుకుంటుందా? ఎండపడే బల్లమీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, చోటు 'చోప్' చేసి, అంటే నాదని పట్టి ఉంచి, అలలు చూడ్డానికి నడిచాను. హోటలావిడ ఆ ప్యాకెట్ పట్టుకుని, నేను మర్చిపోయాననుకుని, నా వెనకాలే పరుగెత్తుకొచ్చింది!

"మా దగ్గర ఇది పెడితే ఆ బల్ల మనదే" అన్నాను.

ఆవిడ పగలబడి నవ్వింది. "ఏప్రిల్ దాకా ఇటు ఎవరూ రారు, అన్నీ మీవే!" అంటూ వేడివేడి చిక్కుడుగింజల కూర వడ్డించింది. మహారాజులా తిన్నాను!

ఇది చదివి మా ఆవిడ, "అన్నీ కోతలే! హోటల్ మూసేశామని ఆవిడ చెప్పింది కదండీ. మీరు లాగించింది వాళ్ళాయన భోజనం. పాపం, ఆయన ఒట్టి రొట్టె నమిలాడు" అంది.